కునుకయ్య దిండు

తన మొగుడిది ఒంటి బద్ధకమా, లేక దేవుడు ఆయన్ని పుట్టించడమే అలా పుట్టించాడా అన్న సందేహం ఇల్లాలికి పెళ్ళైన కొత్తల్లో పట్టుకుంది. ఏళ్ళు గడిచినా వదల్లేదు. రోజూ సాయంత్రం దీపం పెట్టి, చేతులు జోడించి, అడగాల్సినవన్నీ అడిగాక చివర్లో ఆ ఒక్క మాటా అడిగేది. "స్వామీ, బద్ధకమైతే ఆయనకి బుద్ధి చెప్పు. స్వభావమైతే నాకు ఓర్పు ఇయ్యి. ఏదో ఒకటి తేల్చెయ్యి."

దేవుడు తేల్చలేదు. ఆమె వెనక చాప మీద కూర్చున్న మొగుడు మాత్రం, ఆ నాలుగు మాటలూ పూర్తయ్యేలోపే గోడకి జారబడి, నోరు తెరిచి నిద్రపోయేవాడు.

పోతే పోనీ, నిద్రే కదా అనుకోవచ్చు. ఆ చప్పుడే ఆమెకి పడేది కాదు. ఎండిపోయిన నాలుక అంగిట్లో అతుక్కుని, ఊడి, మళ్ళీ అతుక్కుని చప్పుచప్పుమనేది. దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే దేవుడు కనపడడానికి బదులు ఆ తెల్లగా పాచి పట్టిన నాలుకే కనపడేది. 'ఛీ' అనుకుని, దేవుడి ఎదుట ఛీ అన్నందుకు లెంపలేసుకునేది.

ఆయనది పరుపుల దుకాణం. ఇంటి ముందుగదే దుకాణం. జనం తెచ్చిచ్చిన పాత పరుపులూ దిండ్లూ విప్పి, గడ్డకట్టిన దూదిని మిషన్లో వేసి పింజలు పింజలుగా ఏకి, మళ్ళీ నింపి కుట్టి ఇస్తాడు. వీధిలో ఆయన్ని అందరూ కునుకయ్య అనేవాళ్ళు. కుట్టుసూది చేతిలో పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునికేవాడు మరి. "కునుకయ్య పరుపు కుడితే నిద్ర దానంతటదే వస్తుంది, ఆయన నిద్రంతా అందులోనే కూరతాడు" అని ఎకసెక్కాలాడేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు, కాస్త ఆలస్యంగా.

ఇల్లాలికి నవ్వు వచ్చేది కాదు. ఊళ్ళో వాళ్ళ పక్కలన్నీ ఆమె ఇంట్లోకే వచ్చేవి. ఎవరెవరివో తలనూనె మరకలు, పసిపిల్లలు తడిపిన చారలు, జబ్బుమనుషుల చెమట. ఒక్కో దిండు విప్పితే బూడిదలాంటి దుమ్ము లేచి వంటగది దాకా వచ్చి గిన్నెల మీద వాలేది. ఆ దుమ్ముకి ఆయన తుమ్మేవాడు. ఒకటి కాదు రెండు కాదు, వరసపెట్టి, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా. ముక్కు భుజం మీది తుండుగుడ్డకి తుడుచుకునేవాడు. సాయంత్రానికి ఆ గుడ్డ అట్టకట్టి, నిలబెడితే నిలబడేలా ఉండేది. దాన్ని ఉతకడం ఇల్లాలి పని. మొహం పక్కకి తిప్పుకుని, కర్రతో బకెట్లోకి తోసి, వేణ్ణీళ్ళు పోసి, ఊపిరి బిగబట్టి నిలబడేది.

ఇవి చాలవన్నట్టు పొద్దున్నే మరుగుదొడ్లో దూరి ఎంతకీ బయటికి వచ్చేవాడు కాదు. బయట అత్తగారు చెంబు పట్టుకుని, "ఒరే, లోపల ఏమన్నా కాపురం పెట్టావా?" అని కేకలేసేది. "రావట్లేదమ్మా" అని లోపల్నుంచి నీరసంగా వినపడేది. దీన్ని కూడా ఇల్లాలు బద్ధకం పద్దులోనే వేసింది.

మందు వాడలేదా అంటే, వాడింది. ఆమె కాపురానికొచ్చిన నెలలోనే ఒకసారి తుమ్ములు ఎక్కువై ముక్కూ మొహం ఏకమైనప్పుడు డాక్టరు వారం రోజులకి చిన్న పసుపు మాత్రలు రాశాడు. తుమ్ములు తగ్గాయి. వారం అయిపోయింది, తుమ్ములు మళ్ళీ వచ్చాయి. ఆమె మళ్ళీ అవే మాత్రలు తెచ్చింది. ఆయన "నాకేం జబ్బులేదే, దుమ్ము పడింది, అంతే. మాత్ర నా గొంతు దిగదు" అని ఒక్కటే మొండిపట్టు. ఇక చేసేదేముందని చెంచా వెనకతో మాత్ర నూరి టీలో కలపడం మొదలుపెట్టింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చక్కెర ఎక్కువేస్తే చేదు తెలిసేది కాదు. చిటికెన వేలి గోరంత లేని మాత్ర, అదేం చేస్తుందిలే అనుకుంది.

పెళ్ళైన కొత్తల్లో ఆయన ఒక మాటన్నాడు. అప్పుడు ఇంట్లో ఉన్నది పోయిన పెద్దమామగారి దిండు ఒక్కటే. దాని మీద తల పెట్టడానికి కొత్తకోడలు వెనకాడుతుంటే, "ఎవరి దిండో నీకెందుకు? వచ్చేవారం కొత్త దూదితో నా చేత్తో నీకు దిండు కుట్టి ఇస్తా, చూడు" అన్నాడు. ఆ వచ్చేవారం ఇంకా రాలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ పొడుగు దిండు మీదే తలలు పెట్టుకునేవాళ్ళు. ఆమె పైన ఒక చీరముక్క పరుచుకునేది. ఆయనకి అదీ అక్కర్లేదు.

అత్తగారికీ ఆమెకీ మాటల్లేవు. ఒకసారి అత్తగారు, "బంగారంలాంటి నా కొడుకుని ఈ మహాతల్లి వచ్చాకే ముసలివాణ్ణి చేసింది" అని చుట్టాల్లో అంది. ఆ రోజు నుంచీ ఇద్దరూ గోడతో మాట్లాడుకుంటున్నారు. "గోడా, అన్నం ఉడికిందో లేదో ఎవరికైనా పట్టిందా?" అని ఆవిడ. "గోడా, ఉడికిందని చెప్పు" అని ఈమె. గోడ వినీ వినీ విసిగిపోయి ఉంటుంది కానీ నోరు లేదు కాబట్టి బతికిపోయారు.

ఇలా ఉండగా ఒక లాడ్జి మేనేజరు ఆటో నిండా దిండ్లు తెచ్చి దుకాణంలో కుమ్మరించాడు. "లాడ్జికి రంగులేయించాం కునుకయ్యా. శుక్రవారానికి ఇవన్నీ తెల్లగా బొద్దుగా ఉండాలి. నువ్వు గానీ నిద్రపోయావో, నీ మిషన్ని కూడా ఎత్తుకుపోతా" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఇల్లాలు ఆ గుట్ట వంక చూసింది. పసుపు, గోధుమరంగు, ఇంకేదో రంగు. ఒకదాని మీద ఎండిపోయిన రక్తం. ఇంకొకదాని మీద ఎవరో సిగరెట్టు ఆర్పారు. ఒకదాని కుట్టు ఊడిన చోటునుంచి పొడుగాటి వెంట్రుకలు వేలాడుతున్నాయి.

"ఇవి మనం చెయ్యొద్దండీ. పారెయ్యమనండి."

"పనేగా" అన్నాడాయన ఆవులిస్తూ. ఆయన ముక్కుకి ఏ వాసనా తగిలినట్టు లేదు.

మర్నాడు మిషను పొద్దుటినుంచీ తిరుగుతూనే ఉంది. ముళ్ళ రోలరు గుండ్రంగా తిరుగుతుంటే ఆయన ఇవతల కూర్చుని దూది గడ్డలు చేత్తో లోపలికి అందిస్తున్నాడు. ఇల్లాలు గుమ్మంలో, ముక్కుకి పమిట అడ్డం పెట్టుకుని, ఏకిన దూదిని గోనెల్లో కూరుతోంది. ఎందుకో తల ఎత్తి చూసింది. ఆయన తల వాలిపోయి ఉంది. కళ్ళు మూసుకుపోయాయి. చెయ్యి మాత్రం అలవాటుగా దూదితో పాటు ముందుకి పోతోంది.

"ఏమండీ!"

వినపడలేదు. మెళ్ళో తుండుగుడ్డ కొస రోలరుకి చిక్కింది. గుడ్డ వెనకే మెడా, చెయ్యీ వంగాయి. ఆమె గోనె వదిలేసి ఎలా దూకిందో ఆమెకే తెలియదు. స్విచ్చు మీద అరచెయ్యి దబ్బున కొట్టింది. రోలరు గుర్రుమని, నెమ్మదించి, ఆగింది. ఆయన వేళ్ళు ముళ్ళని ఒరుసుకుని ఆగాయి. రెండు వేళ్ళ కొసల చర్మం లేచిపోయి నెత్తురు చిమ్మింది.

ఆయన కళ్ళు తెరిచి, "టీ ఏదీ?" అన్నాడు.

ఇల్లాలు ఏడవలేదు. ఒళ్ళంతా జలదరించింది. అది భయమో, రోతో తేల్చుకోలేకపోయింది. ఆయన వేళ్ళకి గుడ్డ చుట్టి, పూతమందు కోసం వీధి చివర మందుల షాపుకి పరుగెత్తింది. పూతమందు తీసుకుని, అలవాటు కొద్దీ, "ఆ పసుపు మాత్రలు కూడా ఒక అట్ట ఇవ్వండమ్మా" అంది.

మందుల షాపు ఆవిడ అట్ట తీయబోయి ఆగింది. "మీ ఇంట్లో ఎలర్జీ ఎంతమందికమ్మా?"

"ఒక్కరికే. మా ఆయనకి."

"మరి మొన్ననేగా మీ అత్తగారు పట్టుకెళ్ళారు? కొడుక్కే అన్నారు. ప్రతి వారం తీసుకెళ్తారు."

ఇల్లాలు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దానికి తోడు మీ ఆయన. గొంతులో గరగర అని ఈ సిరప్పు పట్టుకెళ్తాడు." ఆవిడ అల్మారాలోంచి ఒక సీసా తీసి, తిప్పి, వెనక చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. "ఇందులోనూ ఆ మందే ఉంది. సీసా పేరు వేరు, మందు ఒకటే." ఆవిడ మొహం కూడా పాలిపోయింది. "నాదీ తప్పే. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు ఇచ్చేశాను, ఎవరికని కలిపి చూసుకోలేదు. ఆయన ఎలా ఉంటున్నాడు?"

"ఎలా ఉంటారు, నిద్రపోతూ ఉంటారు."

"నోరు ఎండుతుందా?"

"నాలుక అతుక్కుని చప్పుళ్ళు."

"చూపు మసకా? ఒంటేలు సరిగా రాకపోవడం?"

ఆయన కుట్టు వంకరలు పోవడం, మరుగుదొడ్డి తలుపు, చెంబు పట్టుకున్న అత్తగారు, అన్నీ ఇల్లాలి కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. "ఇవన్నీ ఆయన గుణాలనుకున్నానమ్మా" అంది. ఆ మాట చేదుగా తగిలింది నోటికి.

"గుణాలు కాదు. పాతరకం ఎలర్జీ మాత్ర అది. తుమ్ములు ఆపుతుంది, మగత తెస్తుంది. అది వేసుకుని మిషన్లూ బళ్ళూ ముట్టుకోకూడదు. ఒక్క మోతాదుకే కొందరు తూలిపోతారు, మీరు మూడు చేతులతో పోస్తున్నారు. ఇవాళ్టికి ఇంకేమీ ఇవ్వకండి. అట్టలూ సీసా అన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఈలోపు లేపినా లేవకపోయినా, మాట తేడాగా వచ్చినా, గుండె దడదడలాడినా, ఒంటేలు అసలే రాకపోయినా, తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి వెళ్ళిపోండి." ఆగి, మెల్లగా అడిగింది. "ఆయనకి తెలిసే ఇస్తున్నారా?"

ఇల్లాలు తల దించుకుంది.

ఇంటికొచ్చి ముందు వంటగదిలోకి వెళ్ళింది. ఆయన పొద్దున తాగిన టీ గ్లాసు ఇంకా కడగలేదు. అడుగున చక్కెర జిగటలో పసుపు పొడి వలయంలా అంటుకుని, చుట్టూ చీమలు. ఇన్నాళ్ళూ ఆ గ్లాసు తనే కడిగింది, ఎప్పుడూ చూడలేదు. ఊళ్ళోవాళ్ళ దిండ్లని చూసి ఏవగించుకున్నదానికన్నా ఎక్కువగా ఆ గ్లాసుని చూసి ఏవగించుకుంది. గ్లాసు చేత్తో పట్టుకునే అత్తగారి గదిలోకి వెళ్ళింది.

"అత్తయ్యా, ఆయనకి దేన్లోనైనా మాత్ర కలుపుతున్నారా మీరు?"

అత్తగారు ఉలిక్కిపడి గోడవైపు తిరిగింది. "గోడా, ఈవిడ నన్నే అడుగుతోందా?"

"గోడని కాదు. మిమ్మల్నే."

"కలిపితే? నా కొడుకు తుమ్మి తుమ్మి చస్తుంటే నువ్వు చూస్తూ కూర్చుంటావు. కన్నదాన్ని, నేను కూర్చోలేను. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి పాలల్లో ఇస్తా. ఏం, తప్పా?"

"నేను టీలో ఇస్తున్నాను. పొద్దున, రాత్రి."

అత్తగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది, నాలుగయ్యాయి. గుమ్మంలో చప్పుడైతే ఇద్దరూ తలతిప్పారు. వేళ్ళ కట్టుతో ఆయన నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో.

"నాకా?" అన్నాడు. "నా టీలోనా? ఎలకలకి పెట్టినట్టు పెట్టారా నాకు?"

"మీరు వేసుకోనన్నారని..."

"వేసుకోనంటే? తిట్టు. పోట్లాడు. అంతేగానీ..." ఆయన వాకిట్లోకి పోయి, ఉమ్మి, నోరు పుక్కిలించి, మళ్ళీ ఉమ్మాడు. ఎన్నేళ్ళ టీ అంతా ఒకేసారి బయటికి పోవాలన్నట్టు ఉమ్మాడు. అసహ్యం ఆయన మొహంలో చూడడం ఆమెకి అదే మొదటిసారి.

తనూ వెళ్ళి పక్కన నిలబడింది. "మీరు గొంతుకని సిరప్పు తాగుతున్నారట. అందులోనూ అదే మందుట."

"అది మందేమిటి? తియ్యగా ఉంటుందని..." ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. వెళ్ళి సీసా తెచ్చాడు. మూత ఎప్పుడో పోయింది. మూతి చుట్టూ పాకం గడ్డకట్టి, దానికి దూదిపీచూ, ఒక చచ్చిన ఈగా అంటుకుని ఉన్నాయి. చెంచా లేదు, కొలత లేదు, నోరు పెట్టి తాగడమే. ముగ్గురూ ఆ సీసాని చూశారు. అత్తగారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని, "ఛీ, వెధవా" అంది. ఆ ఇంట్లో చాన్నాళ్ళకి ముగ్గురూ ఒప్పుకున్న మాట అది.

ఆ రాత్రి అత్తాకోడళ్ళు వంతులవారీగా ఆయన పక్కన కూర్చున్నారు. పిలిస్తే పలుకుతున్నాడా లేదా అని మాటిమాటికీ కదిపి చూశారు. ఆయన ప్రతిసారీ విసుక్కున్నాడు. ఆ విసుగు వినపడినప్పుడల్లా ఇల్లాలు దేవుడికి దణ్ణం పెట్టింది. తన సందేహానికి దేవుడు జవాబు చెప్పలేదని ఇన్నాళ్ళూ నిష్టూరమాడింది. జవాబు తన చెంచాలోనే ఉంటే, పాపం, దేవుడు మాత్రం ఏం చెబుతాడు అనిపించింది. చెప్పే ఉంటాడేమో, నేను వినలేదేమో అని కూడా అనిపించింది.

డాక్టరు అన్నీ చూసి, అట్టలు పక్కన పెట్టేశాడు. కొత్తరకం మాత్ర రాశాడు. రోజుకి ఒక్కటే, ఒక్కరి చేతి మీదుగానే, ఆయనకి తెలిసే. ఇందులో మగత తక్కువేగానీ అందరి ఒళ్ళూ ఒకలా ఉండదు కాబట్టి, అది తనకెలా పడుతుందో తెలిసేదాకా మిషను ముట్టవద్దన్నాడు. వేరే ఏ జలుబు మందు కొన్నా, సీసా వెనక చదివించుకుని కొనమన్నాడు. మొహం, పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా, మాత్ర వేసుకుని చూద్దామని కూర్చోకుండా ఆసుపత్రికి రమ్మన్నాడు. ముక్కులో కొట్టుకునే మందు ఇచ్చి, దుమ్ములో మాస్కు లేకుండా కూర్చోవద్దని చెప్పాడు. అన్నీ అయ్యాక, పెన్ను మూస్తూ మామూలుగా అడిగాడు. "రాత్రి మీరు తల పెట్టుకునే దిండు ఎన్నాళ్ళదండీ?"

పరుపులాయన, ఆయన పెళ్ళాం, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మొదటి రెండు రోజులూ ఆయన తుమ్ముతూనే గడిపాడు. మిషను ఊరుకుంది. శుక్రవారం వచ్చింది, మేనేజరు వచ్చి అరిచి వెళ్ళాడు. ఇంకో నాలుగు రోజులకి ఒక పొద్దున ఆయన దుకాణం తలుపు తీసి, లోపల అడుగుపెట్టి, నిలబడిపోయాడు.

"ఏమేవ్, ఇలా రా. ఏమిటీ కంపు?"

"ఏ కంపు?"

"కుళ్ళు కంపు. చెమటా, ఒంటేలూ..." ముక్కు మూసుకుని వెనక్కి వచ్చేశాడు. "ఎలకేమన్నా చచ్చిందా?"

"ఎప్పుడూ ఉండేదే అది."

"ఎప్పుడూనా?" ఆయన ఆమె వైపు చూశాడు. ముక్కు తెరుచుకున్న మనిషి చూపు అది. కళ్ళల్లో మసక లేదు. "ఇన్నాళ్ళూ నువ్వు ఇందులోనే ఉన్నావా? ఇందులోనే అన్నం వండావా?"

ఆమె వెళ్ళి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

ఆయన నేరుగా లాడ్జికి ఫోను చేశాడు. "ఇవి ఏకేవి కావండీ, కాల్చేవి. మనుషుల తలకింద పెట్టకండి. ఎత్తుకుపోతానన్నారుగా, మిషన్ని కాదు, వీటిని ఎత్తుకుపోండి" అన్నాడు. అవతల మేనేజరు ఏమన్నాడో గానీ, ఈయన మాత్రం నవ్వాడు. ఈసారి ఆలస్యం లేకుండా నవ్వాడు.

తర్వాత ఇంట్లోకొచ్చి మంచం మీది పెద్దమామగారి దిండు రెండు వేళ్ళతో ఎత్తుకుని వాకిట్లోకి పట్టుకెళ్ళాడు. మాస్కు కట్టుకుని, గాలి వాటు చూసుకుని, కత్తెరతో కుట్టు తెగ్గోశాడు. లోపల దూది అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. నల్లటి ఉండలు, పొట్టు, రెక్కల పురుగులు, ఎలక పెంటికలు, వాటి మధ్య తుప్పు పట్టిన ఒక తలపిన్ను. అత్తగారు వంగి చూసి, "మా బావగారు పోయినరోజు దీని మీదే..." అని ఆపేసింది. ఇల్లాలు పరుగున పోయి గోడ పక్కన వాంతి చేసుకుంది. అత్తగారు వెనకే చెంబుతో నీళ్ళు తెచ్చి, వీపు నిమిరి, "పుక్కిలించవే తల్లీ" అంది. మధ్యలో గోడ లేకుండానే అంది.

మాత్ర వేళకి వేసుకుని, నీళ్ళు తాగి, ఆయన మధ్యాహ్నమంతా వసారాలో కూర్చున్నాడు. ఇల్లాలు ఏం చేస్తున్నాడో చూడడానికి వెళ్ళలేదు. సూది గుడ్డలోంచి దూసుకొచ్చే చప్పుడు వినపడుతూనే ఉంది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. రెండుసార్లు తుమ్మాడు, అంతే.

సాయంత్రం ఆమె దీపం పెట్టి కళ్ళు మూసుకుంది. అడగాల్సినవి అడిగింది. చివర్లో అలవాటుగా ఆ ఒక్క మాట నోటిదాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది. వెనక చప్పుచప్పు లేదు. తిరిగి చూస్తే చాప మీద ఆయన మేలుకునే కూర్చుని, రెండు చేతులతో ఒక తెల్లటి దిండు పట్టుకుని ఉన్నాడు. కుట్టు తిన్నగా ఉంది.

"కొత్త దూది" అన్నాడు. "నీకు బాకీ ఉన్నాగా, వచ్చేవారం అని."

ఆమె దాన్ని అందుకుని మొహానికి ఆనించుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. దానికి ఏ వాసనా లేదు.